లైసెన్సు తుపాకి: రివాల్వరా, పిస్టలా?



భోపాల్‌పట్నం ఛత్తీస్‌గఢ్‌లో మూడు రాష్ట్రాలు కలిసే మూల. తిమేడ్ దగ్గర ఇంద్రావతి వంతెన దాటితే మహారాష్ట్ర, ఆ దారి సిరొంచకు పోతుంది. తార్లగూడెం వైపు దిగితే తెలంగాణ. వాజేడు మీదుగా వెళ్లి ముల్లకట్ట వంతెన మీద గోదావరి దాటితే ఏటూరునాగారం. ఇంట్లో తెలుగు, ఆఫీసులో హిందీ, అడవి ఊళ్లలో దోర్లీ, గోండీ. పిల్లనిచ్చేదీ తెచ్చుకునేదీ ఈ మూడు వైపుల నుంచీ. అందుకే ఇక్కడివాళ్లు సరిహద్దును పెద్దగా లెక్కచేయరు. కాని నడుముకు లైసెన్సు తుపాకి కట్టుకున్న మనిషి మాత్రం లెక్కచేయక తప్పదు. లైసెన్సు మీద ఏ ప్రాంతం రాసి ఉందో అక్కడే అది చెల్లుతుంది. ఛత్తీస్‌గఢ్ వరకే రాసిచ్చిన ఆయుధంతో సిరొంచలో చుట్టాలింటికి బయలుదేరితే, వంతెనకు ఇవతల లైసెన్సుదారు, అవతల ముద్దాయి.

ఈ మాటతో మొదలుపెట్టడానికి కారణం ఉంది. నేను పోలీసు ఆయుధశాలలో తుపాకుల మరమ్మతు పని చేసి రిటైరయ్యాను. కొత్తగా లైసెన్సు వచ్చినవాళ్లు నన్ను అడిగేది ఎక్కడ చెల్లుతుందని కాదు, ఎలా దాచుకోవాలని కాదు. "అన్నా, రివాల్వర్ కొనాల్నా, పిస్టల్ కొనాల్నా?" అని అడుగుతారు. నా జవాబు చిన్న రివాల్వరు. ఎందుకో ఈ పూట చెబుతాను. దాని లోపాలూ చెబుతాను.

ముందు రెండింటికీ ఉన్న తేడా. రివాల్వరుకు గుండ్రటి సిలిండరు ఉంటుంది. అందులో సాధారణంగా ఆరు గదులు, గదికో తూటా. ట్రిగ్గరు నొక్కితే గుర్రం (హ్యామర్) వెనక్కి లేస్తుంది, సిలిండరు ఒక గది తిరిగి గొట్టానికి ఎదురుగా నిలుస్తుంది, గుర్రం పడి తూటా పేలుతుంది. ఈ పనంతా చేసేది మన వేలి బలమే. సెమీ ఆటోమేటిక్ పిస్టల్లో తూటాలు పిడిలోని మ్యాగజైన్‌లో ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి. మొదటి తూటాను గొట్టం వెనక ఉన్న చాంబరులోకి ఎక్కించడానికి పైన ఉన్న స్లైడును లాగి వదలాలి. అక్కడి నుంచి మన చేతి పని తగ్గుతుంది. పేలిన తూటా శక్తే స్లైడును వెనక్కి నెట్టి, ఖాళీ ఇత్తడి కేసును బయటికి విసిరి, కొత్త తూటాను లోపలికి తోస్తుంది.

శామ్యూల్ కోల్ట్ తన రివాల్వరుకు అమెరికాలో పేటెంటు పొందింది 1836లో. జాన్ బ్రౌనింగ్ రూపొందించిన .32 పిస్టలు తూటా 1899 నాటిది. అంటే మనం కొత్తదనుకునే పిస్టలు కూడా పాతదే. భగత్‌సింగ్ 1928 డిసెంబరు 17న లాహోరులో పోలీసు అధికారి సాండర్స్ మీద పేల్చింది .32 కోల్ట్ ఆటోమేటిక్ పిస్టలు. ఇవాళ మన దుకాణాల్లో లైసెన్సుదారుకు ఎక్కువగా దొరికే పిస్టలు బోరు, అంటే గొట్టం లోపలి వెడల్పు, కూడా అదే .32.

బోరు సంగతి వచ్చింది కాబట్టి చట్టం వైపు చూద్దాం. అమెరికాలో జేబు రివాల్వరు అనగానే అక్కడివాళ్లకు గుర్తొచ్చేది స్మిత్ అండ్ వెసన్ కంపెనీ 1950లో తెచ్చిన ఐదు తూటాల .38. దాన్ని ఇక్కడ కొనలేం. మన దేశంలో .38, .455, 9 ఎం.ఎం. రివాల్వర్లూ పిస్టళ్లూ నిషిద్ధ బోరు కిందికి వస్తాయి. సైన్యమూ పోలీసులూ వాడే తూటాలు బయటివాళ్ల చేతిలో ఉండకూడదన్నది బ్రిటిషు కాలం నుంచి వస్తున్న ఆలోచన. అందుకని మామూలు లైసెన్సుదారుకు రివాల్వరైనా పిస్టలైనా ఆచరణలో మిగిలేది ఎక్కువగా .32. కాన్పూరు ఆయుధ కర్మాగారాల .32 రివాల్వరు వెబ్లీ తరహాలో ఉంటుంది. పైన కొక్కెం తీసి గొట్టాన్ని కిందికి వంచితే సిలిండరు తెరుచుకుంటుంది. ఆ వెబ్లీ కంపెనీయే ఇప్పుడు ఉత్తరప్రదేశ్‌లోని హర్దోయిలో ఒక భారతీయ సంస్థతో కలిసి .32 రివాల్వర్లు తయారు చేస్తోంది. పిస్టలు కావాలంటే ఆయుధ కర్మాగారాల 'అశని' ఉంది.

ఒక జాగ్రత్త. రివాల్వరు .32, పిస్టలు .32 ఒకే తూటా కాదు. రివాల్వరు తూటాకు అడుగున అంచు ఉంటుంది, అది సిలిండరు గది అంచుకు ఆనుకుంటుంది. పిస్టలు తూటా పొట్టిది, దాన్నే 7.65 ఎం.ఎం. అని కూడా అంటారు. అంకె ఒకటే కదా అని ఒకదానిది ఇంకొకదానికి కొని తెచ్చేవాళ్లు ఉన్నారు. దుకాణంలో పెట్టె మీద రాసిన పేరు పూర్తిగా చదివి తీసుకోండి.

ఇక దాచుకోవడం. బయటి దేశాల్లో తుపాకిని బట్టల కింద పెట్టుకోవడానికి వేరే అనుమతి కావాలా వద్దా అని వాదించుకుంటారు. మన దగ్గర ఆ వాదన లేదు. బహిరంగ స్థలంలో చేతితుపాకిని ఒంటికి తగిలించిన హోల్‌స్టర్‌లోనో, సంచిలోనో పెట్టుకోవాలనీ, అది పూర్తిగా కప్పి ఉండాలనీ, మోసేవాడి అదుపులో ఉండాలనీ 2016 ఆయుధ నిబంధనలు చెబుతున్నాయి. అంటే కనబడకుండా పెట్టుకోవడం మన ఇష్టం కాదు, చట్టం పెట్టిన షరతు. చొక్కా పైకెత్తి పిడి చూపించుకుంటూ సంతలో తిరిగేవాడు ఆ షరతు తప్పినట్టే.

ఈ షరతు వెనక ఉన్న బుద్ధి భోపాల్‌పట్నం చరిత్ర తెలిసినవాళ్లకు అర్థమవుతుంది. 1795లో ఈస్టిండియా కంపెనీ కెప్టెన్ బ్లంట్ చునార్‌గఢ్ నుంచి ఏలూరు సర్కారులోని యర్నగూడెం దాకా దారి కనుక్కుంటూ వచ్చాడు. వెంట సాయుధులైన సిపాయిలున్నారు. బస్తర్‌లోకి పోదామని భోపాల్‌పట్నం వైపు అడుగుపెడితే గోండులు అడ్డగించారు. కాల్పులు జరిగాయి. చివరికి ఆయన బస్తర్‌లోకి పోలేక వేరే దారి పట్టాడు. తుపాకులు కనబడినంత మాత్రాన ఎవరూ దారి ఇవ్వలేదు. నిన్నమొన్నటి మావోయిస్టు అన్నల కాలంలో సంగతి ఇంకా తేలిక: వాళ్లకు అన్నిటికన్నా అవసరం ఆయుధం. ఇంట్లో తుపాకి ఉందని పదిమందికి తెలిసినవాడి తలుపు ఆ తుపాకి కోసమే తట్టవచ్చు. కాబట్టి ఇక్కడ ఆయుధం ఎంత చిన్నదైతే, ఎంత తక్కువ మందికి తెలిస్తే అంత మేలు.

చిన్నదే కావాలంటే పిస్టలు ఇంకా పలచగా ఉంటుంది కదా అని అడగొచ్చు. నిజమే. రివాల్వరు సిలిండరు ఉబ్బుగా ఉంటుంది. పిస్టలు బల్లపరుపుగా నడుముకు అతుక్కుంటుంది. తూటాలు కూడా ఒకటి రెండు ఎక్కువే పడతాయి, మ్యాగజైన్ మార్చడం త్వరగా అయిపోతుంది. అమెరికా పోలీసులు 1980ల నుంచి రివాల్వర్లు వదిలేస్తూ వచ్చింది ఎక్కువగా ఈ కారణాలతోనే. 1986 ఏప్రిల్ 11న మయామీలో ఇద్దరు దొంగలతో జరిగిన కాల్పుల్లో ఇద్దరు ఎఫ్‌బీఐ ఏజెంట్లు చనిపోయాక ఆ మార్పు ఇంకా వేగం అందుకుంది. కాని పోలీసు పని ప్రమాదం వైపు నడిచి వెళ్లడం. పోలీసుకు ఫైరింగ్ రేంజి ఉంది, సర్కారు తూటాలున్నాయి, తుపాకి చూసిపెట్టే ఆర్మరర్ ఉన్నాడు. మన లైసెన్సుదారుకు వీటిలో ఏదీ దగ్గరలో లేదు. తూటాలు లైసెన్సు పుస్తకంలో రాసినన్నే. కాల్చి చూసుకుందామంటే ఊరవతల పొలంలోకి పోయి పేల్చడం కుదరదు. లైసెన్సు కోసం శిక్షణ సర్టిఫికెట్ తెచ్చుకున్న రోజుల్లో పేల్చిన నాలుగు రౌండ్లే చాలామంది అనుభవం. ఆ తర్వాత తుపాకి బీరువాలో, లేదా నడుముకు, ఏళ్ల తరబడి పేలకుండా ఉండిపోతుంది.

అలాంటి చేతికి ఏ ఆయుధం నప్పుతుందన్నదే అసలు ప్రశ్న.

పిస్టలు వాడేవాడు గుర్తుపెట్టుకోవాల్సినవి చాలా ఉన్నాయి. మ్యాగజైన్ పూర్తిగా కూర్చుందా, చాంబరులో తూటా ఉందా లేదా, సేఫ్టీ ఎక్కించి ఉందా దించి ఉందా, ఇవన్నీ తెలిసి ఉండాలి. తూటా పేలకపోతే స్లైడు లాగి దాన్ని బయటికి తీయాలి. ఖాళీ కేసు మధ్యలో ఇరుక్కుంటే మ్యాగజైన్ తట్టి, స్లైడు లాగి, మళ్లీ గురిపెట్టాలి. పట్టు వదులుగా ఉంటే స్లైడు పూర్తిగా వెనక్కి పోక కూడా ఇరుక్కుంటుంది. రోజూ చేసేవాడికి ఇది అలవాటుగా వస్తుంది. ఏళ్ల తరబడి ముట్టనివాడికి, అదీ చీకట్లో, గుండె దడదడలాడుతున్నప్పుడు, వచ్చే పని కాదు.

రివాల్వరులో తూటా పేలకపోతే చేయాల్సింది ఒక్కటే, ట్రిగ్గరు ఇంకోసారి నొక్కడం. సిలిండరు తిరిగి మరో గది వస్తుంది. స్లైడు లాగేంత వేళ్ల బలం లేని పెద్దవయసు మనిషి కూడా దీన్ని తెరవగలడు.  ట్రిగ్గరు బరువుగా, పొడుగ్గా వెనక్కి వస్తుంది కాబట్టి పొరపాటున వేలు తగిలితే పేలే అవకాశం తక్కువ. అయితే గుర్రం ముందే ఎత్తి పెట్టుకుంటే ఆ రక్షణ పోతుంది. సినిమాల్లో చూసి గుర్రం ఎత్తుకుని గదిలోకి నడవడం అలవాటు చేసుకోకండి.

కాని నేను రివాల్వరు వైపు మొగ్గడానికి పెద్ద కారణం పేలడం కాదు, పేలకుండా ఉండటం. లైసెన్సు తుపాకి ఆత్మరక్షణకు పేలే సందర్భాలు ఎంత అరుదో, శుభ్రం చేస్తూనో పిల్లల చేతికి చిక్కో పేలే ప్రమాదం అంత దగ్గరగా ఉంటుంది. పిస్టలు ప్రమాదాలకు ఒక మూసకథ ఉంది. మ్యాగజైన్ తీశాడు, చేతిలో బరువు తగ్గింది, ఖాళీ అయిపోయిందనుకున్నాడు. చాంబరులో ఒక తూటా మిగిలి ఉంది. తుడవడానికి విప్పబోతూ ట్రిగ్గరు నొక్కాడు, లేదా పక్కవాడి వైపు పెట్టి సరదాకు నొక్కాడు. మ్యాగజైన్ తీయడానికీ, చాంబరు ఖాళీ చేయడానికీ ఉన్న తేడా తెలియకపోవడమే ఇలాంటి ప్రమాదాల్లో ఎక్కువవాటికి మూలం. కాన్పూరు రివాల్వరును తమలపాకుల డబ్బా మూత తెరిచినట్టు తెరిస్తే ఆరు గదులూ ఒక్క చూపులో కనిపిస్తాయి. తూటా ఉంటే ఇత్తడి మెరుస్తుంది, లేకపోతే అవతలి వెలుతురు కనిపిస్తుంది. దాచిపెట్టిన ఏడో తూటా ఉండదు. ఇంట్లో తుపాకిని ఎప్పుడూ ముట్టని ఆడవాళ్లకు కూడా ఖాళీగా ఉందో లేదో చూడటం ఒక సాయంత్రంలో నేర్పవచ్చు. తన పరిస్థితిని తానే చూపించే ఆయుధం, తక్కువ అలవాటున్న చేతికి మంచిది.

ఇప్పుడు లోపాలు. రివాల్వరు మొరాయించడం తక్కువే, కాని మొరాయిస్తే చేతిలో బాగుపడదు. ఖాళీ కేసులు తోసే నక్షత్రం లాంటి ముక్క కింద ఇసుక రేణువో కాలిపోని మందు పలుకో చేరితే సిలిండరు మూసుకోదు, తిరగదు. అరిగిన తుపాకిలో గది గొట్టానికి సరిగ్గా ఎదురు నిలవక తూటా అంచు చెక్కుకుపోతుంది. అప్పుడు ఆర్మరర్ దగ్గరికి పోవాల్సిందే. సిలిండరుకూ గొట్టానికీ మధ్య సన్నటి సందు ఉంటుంది, పేలినప్పుడు అందులోంచి వేడి మంట బయటికి కొడుతుంది. రెండో చేతి వేళ్లు అక్కడ పెడితే కాలతాయి. పొట్టి గొట్టంతో, బరువైన ట్రిగ్గరుతో గురి కుదరడం కష్టం. ఆరు తూటాలు అయిపోతే మళ్లీ నింపడం నెమ్మది. ఈ లోపాలు తెలిసే నేను దీన్ని ఎంచుకోమంటున్నాను. ఆత్మరక్షణ అంటే గదంత దూరంలో జరిగేది. అక్కడ ఆరు తూటాలకు పైగా కావాల్సి వచ్చిందంటే మనం చేయాల్సింది కాల్పులు కాదు, పారిపోవడం.

ఇంద్రావతి, గోదావరి కలిసే ఈ ప్రాంతంలో వానాకాలం గాలే తడిగా ఉంటుంది. ఇనుముకు అది శత్రువు. తోలు హోల్‌స్టర్‌లో తుపాకిని పెట్టి బీరువాలో నెలల తరబడి వదిలేయకండి. తోలు తేమను పట్టుకుంటుంది, తూటాల ఇత్తడికి చిలుము పడుతుంది. మోయడానికి హోల్‌స్టర్, దాచడానికి పొడిగుడ్డ. నూనె పలచగా రాసి తుడిచేయాలి. సిలిండరు గదుల్లో నూనె తడి వదిలితే అది తూటా అడుగున ఉన్న క్యాప్‌లోకి దిగి మందును పాడుచేస్తుంది. అప్పుడు కావాల్సిన రోజున టక్కుమంటుంది తప్ప పేలదు. ఒంటి చెమట తగిలే తుపాకిని ఏ రోజుకారోజు తుడవాలి.

ధర సంగతి. ఢిల్లీలో 2012 డిసెంబరు సామూహిక అత్యాచార ఘటన తర్వాత, 2014 జనవరిలో కాన్పూరు కర్మాగారం 'నిర్భీక్' అనే తేలికపాటి .32 రివాల్వరు తెచ్చింది. మహిళల కోసమని ప్రచారం చేశారు. బరువు సుమారు అర కిలో, అప్పటి ధర 1,22,360 రూపాయలు. ఇంకా తేలికగా .22 బోరులో ఎనిమిది తూటాల 'నిడర్' కూడా వచ్చింది. నిర్భీక్ ధరను మన లెక్కలో చూద్దాం. ఛత్తీస్‌గఢ్‌లో తునికాకు స్టాండర్డ్ బోరాకు 2024 నుంచి 5,500 రూపాయలు ఇస్తున్నారు. బోరా అంటే వెయ్యి కట్టలు, కట్టకు యాభై ఆకులు. 2014 నాటి ఆ ధరను ఇప్పటి తునికాకు రేటుతో కొనాలంటే ఇరవై రెండు బోరాలకు పైనే, అంటే పదకొండు లక్షల ఆకులు కోయాలి. అడవికి వెళ్లే ఆడబిడ్డ రక్షణకు ఈ వస్తువు ఎంత దూరంలో ఉందో ఈ లెక్కే చెబుతుంది. కొనేది ఎవరంటే పెట్రోలు బంకు యజమాని, బంగారం వ్యాపారి, తునికాకు కాంట్రాక్టరు, రాజకీయ నాయకుడు. వాళ్లకే చెబుతున్నాను: ధర ఎక్కువైనంత మాత్రాన చేతికి పని రాదు.

చేతికి పని రాకపోతే ఏమవుతుందో మన బీజాపూర్ జిల్లా పెద్ద ఎత్తున చూసింది. 2005లో మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వాజుడుం మొదలయ్యాక వేల మంది కుర్రాళ్లను స్పెషల్ పోలీసు ఆఫీసర్లని పేరు పెట్టి, కొద్దిపాటి శిక్షణతో తుపాకులిచ్చారు. ఆ తర్వాత తగలబడిన ఊళ్లు, ఖాళీ అయిన ఇళ్లు, గోదావరి దాటి మన తెలుగు జిల్లాల అడవుల్లో గుడిసెలు వేసుకున్న కుటుంబాలు అందరికీ తెలుసు. 2011 జూలై 5న సుప్రీంకోర్టులో జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి, జస్టిస్ నిజ్జర్ ఇచ్చిన తీర్పు ఆ కుర్రాళ్లకిచ్చిన తుపాకులన్నీ వెనక్కి తీసుకోమంది. చదువూ శిక్షణా సరిపోని పిల్లల చేతికి ఆయుధమివ్వడం వాళ్ల ప్రాణానికీ ఎదుటివాళ్ల ప్రాణానికీ ముప్పని కోర్టు తప్పుపట్టింది. సొంత డబ్బుతో కొన్న లైసెన్సు తుపాకికి కూడా ఈ మాట వర్తిస్తుంది.

చట్టం ఇంకొన్ని హద్దులు పెట్టింది. 2019 సవరణ తర్వాత ఒకరికి రెండు తుపాకులే, అంతకుముందు మూడుండేవి. పెళ్లిలో, ఊరేగింపులో గాల్లోకి పేలిస్తే రెండేళ్ల దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ఎన్నికలొస్తే పోలీసుస్టేషన్‌లో జమ చేయమని పిలుపు వస్తుంది, రసీదు తీసుకుని భద్రంగా ఉంచుకోండి. ఆత్మరక్షణ హక్కు భారతీయ న్యాయ సంహిత 34 నుంచి 44 సెక్షన్ల దాకా ఉంది. అందులో ముఖ్యమైన హద్దు ఒకటి: ప్రమాదాన్ని ఆపడానికి ఎంత అవసరమో అంతే, అంతకు మించి హాని చేయకూడదు. పారిపోతున్న దొంగ వీపు మీద కాల్చి ఆత్మరక్షణ అంటే కోర్టు నమ్మదు.

కాబట్టి కొనే ముందు ఒక పరీక్ష చెప్పుకుని ముగిస్తాను. ఖాళీ రివాల్వరు చేతికి తీసుకుని, కళ్లు మూసుకుని తెరవగలగాలి, తడిమి ఆరు గదులూ లెక్కపెట్టగలగాలి, మూయగలగాలి. దాన్ని దాచే చోటుకు తాళం ఉండాలి, ఆ తాళంచెవి పిల్లలకు అందకూడదు. లైసెన్సు మీద రాసిన ప్రాంతం ఎక్కడ ఆగుతుందో తెలియాలి. ఏటా ఒకసారైనా అనుమతి ఉన్న రేంజికి వెళ్లి పేల్చే ఓపిక ఉండాలి. అన్నిటికన్నా ముందు, మీకున్న భయం తుపాకితో తీరేదేనా అని ఇంట్లోవాళ్లతో కూర్చుని మాట్లాడాలి. వీటిలో ఏ ఒక్కటి కుదరకపోయినా లక్ష రూపాయలు మంచి తలుపుకీ, వీధి దీపానికీ, కెమెరాకీ పెట్టండి. అన్నీ కుదిరితే చిన్న రివాల్వరు కొనండి, కొన్నారని ఊళ్లో ఎవరికీ చెప్పకండి.